బిగిసిన పిడికిలి

మంసాపురం చుట్టుపక్కల తోట బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. నేర్పే మామ చేయి వదలగానే పిల్లవాడు ఏం చేస్తాడు? అందిన మెడను వాటేసుకుంటాడు. "వదలరా" అని ఎంత అరిచినా వాడి చెవికెక్కదు. పట్టు విడిపించుకోలేకపోతే ఇద్దరికీ ముప్పే. విమానం నడపడం నేర్చుకునే కుర్రవాళ్ళకూ ఇదే జరుగుతుంది. అక్కడ మెడకు బదులు 'స్టిక్' అనే కర్ర ఉంటుంది.

వేగం మరీ తగ్గితే విమానం రెక్కలకు గాలి ఆసరా పోతుంది. ముక్కు కిందికి వాలి, బొంగరంలా తిరుగుతూ పడవచ్చు. దాన్నే స్పిన్ అంటారు. నేల పైకి వస్తున్నట్టు కనబడగానే భయపడిన చేయి కర్రను తనవైపు లాగుతుంది. లాగినకొద్దీ గండం పెరుగుతుంది. తిరుగుతున్న దిశకు ఎదురుగా కాలితో చుక్కాని తొక్కి, కర్రను ముందుకు తోయాలి. పడిపోతున్నవాణ్ణి ఇంకా కిందికే తోయమనడం! మనసు ఒప్పుకోదు గదా. 1912లో విల్‌ఫ్రెడ్ పార్క్ అనే ఇంగ్లీషు వైమానికుడు ఎదురు చుక్కాని తొక్కి స్పిన్ నుంచి బయటపడేదాకా, అందులో చిక్కితే చావే అని చాలామంది అనుకునేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బ్రిటన్‌లో శిక్షణ హడావుడిగా సాగింది. గురువులే కొందరు యుద్ధంలో అలసిపోయి వచ్చినవారు. శిష్యుల వల్ల తమ ప్రాణాలకు ముప్పని, వాళ్ళకు శత్రువుల పేరే పెట్టి 'హూణులు' అని పిలిచేవారు. బిగుసుకుపోయిన శిష్యుణ్ణి తలమీద కొట్టి కర్ర విడిపించిన కథలు కూడా ఆ కాలం నుంచే వినబడుతున్నాయి.

ఈ తీరు చూసి మండిపడినవాడు రాబర్ట్ స్మిత్-బారీ. యుద్ధరంగం నుంచి పై అధికారులకు ఘాటుగా రాశాడు. "అయితే నువ్వే నేర్పు" అన్నట్టుగా 1916 చివరలో ఆయనకు గాస్‌పోర్ట్‌లోని శిక్షణ దళాన్ని అప్పగించారు. ఆయన పద్ధతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. శిష్యుణ్ణి గండాలకు దూరంగా ఉంచలేదు. గురువు పక్కనుండగానే, కావలసినంత ఎత్తులో, కావాలనే స్పిన్‌లోకి దింపించి, శిష్యుడి చేతులతోనే బయటికి తెప్పించాడు. తెలిసిన భయానికి చేయి తక్కువగా బిగుస్తుందని ఆయన నమ్మకం. ఆవ్రో 504 విమానంలో ఇద్దరికీ కర్రలు పెట్టించాడు. డాక్టరు గొట్టంలాంటి రబ్బరు గొట్టం ఒకటి గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి. ఇంజను హోరులోనూ మామూలు గొంతుతో మాట్లాడవచ్చు. నా దృష్టిలో ఆయన చేసిన పనులన్నిటిలో ఈ గొట్టమే గొప్పది. అరిచే గురువు శిష్యుడి భయాన్ని రెట్టింపు చేస్తాడు.

ఆ విద్య మన దేశానికీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదు బేగంపేటలో టైగర్ మాత్ విమానాలపై కుర్రవాళ్ళకు నేర్పారు. 1971 నుంచి దుండిగల్‌లో వైమానికదళ అకాడమీ నడుస్తోంది. గురువులకు గురుకులం మాత్రం మనకు దగ్గరే ఉంది సుమా! 1948లో అంబాలాలో మొదలైన ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూలు 1954లో తాంబరానికి మారింది. శ్రీవిల్లిపుత్తూరులో పొదిగై రైలెక్కి మద్రాసు వెళ్ళేవారు ఎగ్మూరుకు ముందు దాటే ఊరే అది.

బిగుసుకుపోయిన శిష్యుడితో గురువు ఎలా వ్యవహరించాలి? శిష్యుడు వెనుకో ముందో కూర్చుంటే ముఖం సరిగా కనబడదు. కర్ర బిరుసెక్కడం, జవాబు ఆలస్యం కావడం, ఇవే ఆనవాళ్ళు. అందుకే మాటలు చిన్నవిగా ఖాయం చేశారు. "కంట్రోల్ నాది" అని గురువు అంటే, "కంట్రోల్ మీది" అని శిష్యుడు చేతులు తీసేయాలి. రోజూ అనగా అనగా, బుర్ర పనిచేయని క్షణంలో కూడా ఆ మాట చేతికి అందుతుంది. తర్వాత విమానాన్ని తిన్నగా నిలిపి, ఊపిరి తీసుకోమని, కాలివేళ్ళు కదపమని చెప్పి, ఒక్క తేలిక పని అప్పగిస్తాడు. "ఆ కొండవైపు ముక్కు ఉంచు, చాలు." తిట్టి వెంటనే దింపేస్తే ఆ భయం శిష్యుడితో ఇంటికి వస్తుంది.

అందరూ దాటరు. ఎన్నిసార్లు నేర్పినా బిగుసుకుపోయేవారిని ఆపవలసినవాడూ గురువే. అలా ఆగినవారిలో కొందరు నావిగేటర్లయ్యారు, కొందరు నేలమీది శాఖల్లో చేరారు. పిరికివాడన్న ముద్ర వేయకుండా ఆ మాట చెప్పడం, స్పిన్ నేర్పడం కంటే కష్టమైన పని.