మాట వైద్యం: ఎవరి మాట, ఎవరి వైద్యం?

ఫ్రాయిడ్ పేరెత్తగానే మనలో చాలామందికి ఇప్పటికీ నొసలు ముడిపడతాయి. నాకూ ముడిపడేవి. 1980లలో కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో జరిగిన సాహిత్య గోష్ఠిలో గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' మీదా, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' మీదా చర్చ సాగుతోంది. మనోవిశ్లేషణ తీరుబాటున్న వర్గాల విలాసమనీ, పూట గడవనివాడికి అంతశ్చేతన గొడవ ఉండదనీ నేను గట్టిగానే వాదించాను. చప్పట్లు కూడా పడ్డాయి.

ఆ గోష్ఠికి ఒక యువ కథకుడు వచ్చాడు. నేత కుటుంబంలో పుట్టి బడిపంతులైనవాడు. సభ ముగిశాక నాతోపాటు బస్టాండు దాకా నడిచాడు. "అన్నా, నెల దినాల సంది నిద్ర వస్తలేదు. పొద్దున లేవబుద్ధయితలేదు. రాద్దామని కూసుంటె చెయ్యి లేస్తలేదు" అన్నాడు. నేనేమన్నానో చెప్పుకోవడానికి ఇవాళ సిగ్గుగా ఉంది. అది మధ్యతరగతి నిస్పృహ అనీ, ప్రజల మధ్యకు వచ్చి పనిచేస్తే దానంతటదే పోతుందనీ అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కేశాను. ఆ తర్వాత మూడేళ్లు అతను మా సభలకు రాలేదు. ఒక్క కథ రాయలేదు.

నా జవాబులో తప్పెక్కడుందో తెలుసుకోవడానికి మానసిక చికిత్సల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఆ చదువులో నాకు ముందు ఎదురైంది నా అజ్ఞానం. విలాసమని నేను కొట్టిపారేసిన ఆ వైద్యాన్ని పేదవాడి గడపలోకి తేవాలని తాపత్రయపడినవాళ్లలో చాలామంది మన బాటవాళ్లే.

మాటతో వైద్యం ధనికుల ఇంట్లోనే మొదలైంది, అది కాదనలేం. వియన్నాలో 1880–82 మధ్య జోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడు బెర్తా పాపెన్‌హైమ్ అనే సంపన్న కుటుంబపు యువతికి చికిత్స చేశాడు. చెయ్యి చచ్చుబడటం, మాతృభాష మరిచిపోవడం వంటి లక్షణాలు ఆమెవి. మనసులో ఉన్నది చెప్పుకుంటే ఆ లక్షణాలు కాసేపైనా సడలేవి. ఈ పద్ధతికి మాటలతో చికిత్స అన్న పేరు పెట్టింది వైద్యుడు కాదు, ఆమే. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో ఆమె 'అన్నా ఓ' అన్న మారుపేరుతో కనిపిస్తుంది. అందులో నయమైపోయినట్టే రాశారు గాని, నిజానికి ఆ తర్వాత కూడా ఆమె కొన్నేళ్లు శానటోరియాల్లో గడిపింది. కోలుకున్నాక మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కుల గ్రంథాన్ని జర్మన్‌లోకి తెచ్చింది. 1904లో జర్మనీ యూదు మహిళల సంఘాన్ని స్థాపించింది. స్వయంగా రచయిత్రి. అయినా ప్రపంచానికి చాలాకాలం ఆమె ఒక 'కేసు' మాత్రమే. పాత్ర ఎవరు, కథకుడు ఎవరు అన్న చర్చ చేసే విద్యార్థులకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఫ్రాయిడ్ పద్ధతి తెలిసిందే. రోగి పడుకుని, మనసుకు తోచిందల్లా వరస చూసుకోకుండా చెబుతాడు. చిన్ననాటి భయాలు, కోపాలు, ప్రేమలు క్రమంగా వైద్యుడి మీదికే మళ్లుతాయి. తండ్రి ముందు నోరు మెదపలేనివాడు వైద్యుడి ముందూ మెదపలేడు. ఆ పాత ఆటను ఇద్దరూ కలిసి గుర్తుపట్టడమే చికిత్స. దీనికి వారంలో ఐదారు రోజులు, రోజుకో గంట, నెలలూ ఏళ్లూ పడుతుంది. మరి ఫీజు ఎవరు కట్టాలి? కూలి ఎవరు పోగొట్టుకోవాలి?

ఈ ప్రశ్న మనకంటే ముందు ఫ్రాయిడే వేసుకున్నాడని నాకు తెలియదు. 1918 సెప్టెంబరులో, మొదటి ప్రపంచ యుద్ధపు ఆఖరి రోజుల్లో, బుడాపెస్ట్ మహాసభలో ఆయన ఒక ప్రసంగం చదివాడు. ప్రాణం నిలిపే శస్త్రచికిత్స మీద పేదవాడికి ఎంత హక్కుందో మానసిక చికిత్స మీదా అంతే హక్కుందనీ, అది ఉచితంగా అందే రోజు రావాలనీ ఆ ప్రసంగ సారాంశం. బీదజనానికి వైద్యం చేయాలంటే మేలిమి బంగారంలాంటి తన పద్ధతిలో కొంత రాగి కలపక తప్పదని కూడా ఒప్పుకున్నాడు. ఆ రాగి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ప్రసంగం కాగితం మీదే ఉండిపోలేదు. 1920 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో మాక్స్ ఐటింగాన్, ఎర్నెస్ట్ జిమ్మెల్ కలిసి ఒక చికిత్సాలయం తెరిచారు. ఖర్చులో పెద్ద భాగం ఐటింగాన్ కుటుంబపు ఉన్ని తోళ్ల వ్యాపారం సొమ్ము. చరిత్రకు ఇలాంటి వింతలు కొత్త కాదు. ఇవ్వగలిగినవాడు ఇచ్చినంత ఇచ్చేవాడు, లేనివాడు ఏమీ ఇచ్చేవాడు కాదు. మొదటి పదేళ్లలో 721 మందిని విశ్లేషణకు తీసుకున్నట్టు 1930 నాటి నివేదిక చెబుతుంది. వాళ్లలో కార్మికులూ, ఇంటి పనివాళ్లూ, గుమాస్తాలూ, టీచర్లూ ఉన్నారు. 1922లో వియన్నాలోనూ అలాంటిది తెరిచారు. అక్కడ పనిచేసిన విల్‌హెల్మ్ రైక్ కమ్యూనిస్టు. ఇరుకు గదుల్లో బతికే శ్రామిక యువతకు శరీరం గురించీ, భయాల గురించీ చెప్పేవాడే లేడని వాపోయి, బస్తీల్లో సలహా కేంద్రాలు నడిపాడు. ఇంతచేసినవాడికి దక్కిందేమిటి? 1933లో కమ్యూనిస్టు పార్టీ గెంటేసింది, 1934లో అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘమూ గెంటేసింది. తర్వాతి కాలంలో రైక్ వింత సిద్ధాంతాల్లో దారి తప్పాడు, వాటిని సమర్థించను. కాని ఆ బస్తీ కేంద్రాలు మాత్రం చరిత్రలో నిలవదగినవి.

1933 మేలో నాజీలు ఫ్రాయిడ్ పుస్తకాలు తగలబెట్టారు. యూదు వైద్యులు దేశం విడిచిపోయారు. బెర్లిన్ సంస్థను హెర్మన్ గోరింగ్ జ్ఞాతి ఒకడు చేజిక్కించుకున్నాడు. అదే సంస్థలో ఔట్ పేషెంట్ విభాగం నడుపుతూ, రహస్యంగా నాజీ వ్యతిరేక బృందంలో పనిచేసిన జాన్ రిట్‌మైస్టర్‌ను 1943 మేలో శిరచ్ఛేదం చేశారు.

మన వైపూ చూసుకోవాలి గదా. సోవియట్ రష్యాలో 1920ల ఆరంభంలో మనోవిశ్లేషణకు ప్రభుత్వ అండే ఉండేది. వైగోట్‌స్కీ, లూరియా కలిసి ఫ్రాయిడ్ గ్రంథమొకదానికి 1925లో పీఠిక రాశారు. దశాబ్దం తిరిగేసరికి ఆ తలుపులు మూతపడ్డాయి. ఆ తర్వాత అక్కడి మనోవైద్యం అసమ్మతివాదులను పిచ్చివాళ్లుగా ముద్రవేసే పనికి కూడా దిగజారింది. ఆ విమర్శలకు తట్టుకోలేక 1983లో సోవియట్ మనోవైద్యుల సంఘం ప్రపంచ సంఘం నుంచి తప్పుకుంది. దీన్ని శత్రు ప్రచారమని మనం ఎంతకాలం అనుకున్నామో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఇక మిగతా పద్ధతులు. అన్నీ ఫ్రాయిడ్ సంతానం కావు, కొన్ని ఆయనతో తగవుపడి పుట్టినవి. ప్రవర్తనా చికిత్స పావ్‌లోవ్ వైపు నుంచి వచ్చింది. 1924లో మేరీ కవర్ జోన్స్ కుందేలంటే హడలిపోయే ఒక పిల్లవాడికి తినడానికి ఇష్టమైనవి పెడుతూ, కుందేలును రోజుకు కాస్త దగ్గరికి తెచ్చి భయం పోగొట్టింది. చిన్ననాటి రహస్యాలేమీ తవ్వలేదు. అమెరికాలో కార్ల్ రోజర్స్ సలహాలివ్వడం మానేసి, ఎదుటివాడి మాటను తీర్పు లేకుండా వినడమే వైద్యమన్నాడు. గదిలో జరిగే సంభాషణను రికార్డు చేసి 1942లో అక్షరం పొల్లుపోకుండా అచ్చువేశాడు. అంతవరకూ వైద్యుడి జ్ఞాపకమే సాక్ష్యం.

ఆరన్ బెక్ కథ ఇంకా ఆసక్తికరం. ఆయన ఫ్రాయిడ్‌ను నిరూపించాలనే బయల్దేరాడు. కుంగిపోయినవాళ్ల కలల్లో తమమీదికే తిరిగిన కోపం కనబడాలి, సిద్ధాంతం ప్రకారం. కలలు పోగుచేసి చూస్తే కోపం కాదు, ఓటమీ, పోగొట్టుకోవడమూ కనబడ్డాయి. మెలకువలోనూ వాళ్లకు అవే ఆలోచనలు. 'నేను పనికిరాను, రేపూ ఇంతే' అన్న ఆలోచన రెప్పపాటులో వచ్చిపోతుంది, మనిషి దాన్ని ఆలోచనగా కాక నిజంగా తీసుకుంటాడు. దాన్ని కాగితం మీద పెట్టి, ఆధారమేదని ఇద్దరూ కలిసి ప్రశ్నించడమే 1960లలో బెక్ మొదలుపెట్టిన చికిత్స. పది పన్నెండు వారాల్లో ముగించవచ్చు, నేర్పించవచ్చు, ఫలితం లెక్కించవచ్చు. మనోవిశ్లేషణ పండితులు దీన్ని పైపూత అన్నారు. నేను సాహిత్యకారుణ్ణి గనుక నాకూ ఫ్రాయిడ్ లోతే రుచిస్తుంది. అయితే, నిద్రపట్టనివాడికి నా రుచితో పనేముంది?

ఏ పద్ధతైనా సరే, దాన్ని తెచ్చినవాడూ తీసుకునేవాడూ ఒకే భాషలో, ఒకే ప్రపంచంలో లేకపోతే ఏమవుతుందో ఫ్రాంట్జ్ ఫానన్ అనుభవం చెబుతుంది. మనకు ఫానన్ వలసవాద వ్యతిరేక రచయితగానే తెలుసు, వైద్యుడిగా తక్కువ తెలుసు. ఆయనకు పని నేర్పినవాడు స్పెయిన్ అంతర్యుద్ధం నుంచి తప్పించుకొచ్చిన తోస్కెయెస్. ఫ్రాన్స్‌లో సెంట్ ఆల్బాన్ ఆసుపత్రిలో రోగులూ సిబ్బందీ కలిసి సమావేశాలు నడుపుకునే పద్ధతిని తోస్కెయెస్ తదితరులు పెంచారు. నాజీ ఆక్రమణ కాలంలో కవి పాల్ ఎల్యువార్ తలదాచుకున్నదీ అక్కడే. ఫానన్ ఆ పద్ధతిని 1953లో అల్జీరియాలోని బ్లిదా ఆసుపత్రికి పట్టుకెళ్లాడు. ఐరోపా స్త్రీల వార్డులో సినిమాలు, పండుగలు, గోడపత్రిక, చేతిపనులు మొదలుపెడితే కొద్ది నెలల్లో వార్డు ముఖమే మారింది. అదే పని అల్జీరియన్ ముస్లిం పురుషుల వార్డులో బొత్తిగా విఫలమైంది. ఎవరూ రారు, వచ్చినా మాట్లాడరు.

ఫానన్ తప్పు తన దగ్గర వెతికాడు. బుట్టలల్లడం ఆడవాళ్ల పనని వాళ్ల భావం. పండుగలన్నీ క్రైస్తవ పండుగలు. మధ్యలో దుబాసీ ఉన్నాడు. ఆ రైతులకు అంతకుముందు దుబాసీ ఎదురైంది కచేరీల్లోనూ కోర్టుల్లోనూ. అలాంటివాడితో కడుపులో మాట చెప్పుకుంటారా? ఆసుపత్రిలో అల్జీరియా పద్ధతి కాఫీ దుకాణం పెట్టించాడు, ముస్లిం పండుగలు జరిపించాడు, ఊళ్లు తిరిగి కథలు చెప్పేవాణ్ణి పిలిపించాడు. మన బుర్రకథ, ఒగ్గుకథ చెప్పేవాళ్లు గుర్తొచ్చారు నాకు, ఆ సంగతి చదివినప్పుడు. వైఫల్యాన్ని దాచుకోకుండా 1954లో తన సహాయకుడితో కలిసి వ్యాసం ప్రకటించాడు. 1956లో రాజీనామా ఇచ్చాడు. ఒక జాతి మొత్తాన్ని తన దేశంలోనే పరాయిదాన్ని చేసే వ్యవస్థలో కూర్చుని ఒక్కొక్కరి మనసు బాగుచేయడం సాధ్యం కాదన్నది ఆయన వాదన. గమనించవలసింది ఏమిటంటే, ఆ మాట అనేముందు ఆయన మూడేళ్లు వార్డులో పనిచేశాడు. నేను బస్టాండులో ఐదు నిమిషాల్లో తేల్చేశాను.

మన దేశానికీ ఈ చరిత్రలో చోటుంది. 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర బోస్ మనోవిశ్లేషణ సంఘం పెట్టి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో విభేదించాడు కూడా. అది నగరపు చదువరుల మధ్యే నిలిచిపోయింది. 1950లలో అమృతసర్‌లో విద్యాసాగర్ చేసిన పని నాకు మరింత విలువైనదిగా తోస్తుంది. సిబ్బంది చాలక, రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేసి ఉంచాడు. గొలుసులతో తెచ్చినవాళ్లే పక్కన కూర్చుని చూసుకోవడం నేర్చుకున్నారు.

ఇప్పుడు రాగి దగ్గరికి వద్దాం. జింబాబ్వేలో ఒక యువతి ఆత్మహత్య చేసుకుంది. బస్సు చార్జీకి డబ్బు లేక ఆసుపత్రికి రాలేకపోయిందని ఆమె వైద్యుడు డిక్సన్ చిబాండాకు తర్వాత తెలిసింది. 2006లో ఆయన హరారేలోని ఒక పేదపేటలో పద్నాలుగు మంది ముసలమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రం బయట చెట్టు కింద బల్లల మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లు తమ కష్టాలన్నీ చెబుతారు, అందులోంచి ఒకటి ఎంచుకుంటారు, దానికి రేపటికల్లా చేయగల పని ఏమిటో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. తర్వాత స్త్రీలంతా గుంపుగా కూర్చుని సంచులు అల్లుకుంటూ మాట్లాడుకుంటారు. 573 మందిని రెండు భాగాలు చేసి పరిశీలించిన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆరు నెలల తర్వాత కుంగుబాటు లక్షణాలు మామూలు వైద్యం పొందినవాళ్లలో సగంమందికి మిగలగా, బల్ల దగ్గరికి వెళ్లినవాళ్లలో నూటికి 14 మందికే మిగిలాయి. గోవాలో పట్టాలు లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిసేటట్టు చేసిన ప్రయోగం 2017లో ప్రకటితమైంది. మూడు నెలలకు కోలుకున్నవాళ్లు నూటికి 64 మంది, మామూలు వైద్యంతో 39 మంది.

ఇదంతా అప్పులు తీర్చదు గదా, మగ్గానికి కూలి పెంచదు గదా అని మిత్రులు అంటారు. తీర్చదు, పెంచదు. సిరిసిల్లలో మగ్గాలు ఆగినప్పుడు చచ్చిపోయినవాళ్లకు కావలసింది ముందుగా పని. ఆ డిమాండును కౌన్సెలింగుతో సరిపెట్టే ప్రభుత్వాన్ని నిలదీయవలసిందే. కాని పని వచ్చేదాకా మనిషి బతికి ఉండాలి. 2015–16 జాతీయ సర్వే ప్రకారం సాధారణ మానసిక రుగ్మతలున్న ప్రతి వందమందిలో 85 మందికి ఏ చికిత్సా అందడం లేదు.

హరారే బల్లలకు మొదట మానసిక ఆరోగ్యం పేరే పెట్టారట. ఎవరూ కూర్చోలేదు. స్నేహపు బల్ల అని పేరు మార్చమన్నది ఆ ముసలమ్మలే. కుంగుబాటు అన్న వైద్య పదం బదులు వాళ్ల షోనా భాషలో 'కుఫుంగిసిస' అంటారు, అతిగా ఆలోచించడమని అర్థం.

నా కథక మిత్రుడు మూడేళ్ల తర్వాత ఒక నగరంలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాడు. మందులూ ఇచ్చారు, పదిహేను రోజులకోసారి కూర్చోబెట్టి మాట్లాడారు. బస్సు చార్జీలకు భార్య బీడీలు చుట్టిన డబ్బు పోయింది. కోలుకున్నాడు, మళ్లీ రాశాడు, ఇప్పుడు రిటైరయ్యాడు. మొదటి రోజు ఏమైందని అడిగితే "మనాది పట్టింది సార్" అని చెప్పాడట. డాక్టరు మనాది అంటే ఏమిటని అడిగాడట. అతను దాదాపు గంటసేపు చెప్పాడు. నేను బస్టాండులో అడగని మాట అది. చీటీలో డాక్టరు ఏదో ఇంగ్లీషు పదం రాసి, పక్కన తెలుగులో 'మనాది' అని కూడా రాసుకున్నాడు. ఆ చీటీ ఇప్పటికీ అతని దగ్గరుంది.