గొంతు గనేరియా

గొంతు గనేరియా అంటే నైసీరియా గనేరియే అనే బ్యాక్టీరియా గొంతులోను, టాన్సిల్స్‌లోను చేరడం. ఈ బ్యాక్టీరియా తెచ్చే సుఖవ్యాధినే జనం సెగరోగం అంటారు. ముఖరతి ద్వారా, ముఖ్యంగా వ్యాధి ఉన్న పురుషుడి అంగం నోటికి తగిలినప్పుడు, గొంతుకు సోకుతుంది. గొంతు నుంచి మళ్లీ భాగస్వామి జననాంగాలకూ అంటుకోగలదు. ఈ బ్యాక్టీరియాను 1879లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ నైసర్ గుర్తించాడు.

మగవారి మూత్రనాళానికి సోకితే చీము, మంట కొద్ది రోజుల్లోనే బయటపడతాయి. గొంతులో చాలామందికి ఏ బాధా ఉండదు. ఉన్నా జలుబు చేసినప్పటి గొంతునొప్పి లాగే ఉంటుంది. గొంతులోని బ్యాక్టీరియా మూత్ర పరీక్షలో దొరకదు. గొంతు వెనుక భాగాన్ని, టాన్సిల్స్‌ను దూదిపుల్లతో రుద్ది, ఆ నమూనాను బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని పట్టే న్యాట్ పరీక్షకు పంపాలి. ముఖరతి సంగతి రోగి చెప్పకపోతే డాక్టరుకు ఆ పరీక్ష రాయాలన్న ఆలోచనే రాకపోవచ్చు. సిగ్గుపడి దాచేది సరిగ్గా ఆ ఒక్క మాటే.

గొంతులో చేరిన రోగం మందులకు తేలిగ్గా లొంగదు. గొంతులో హాని చేయని ఇతర నైసీరియా జాతులు ఎప్పుడూ ఉంటాయి. దగ్గుకో జ్వరానికో వాడిన యాంటీబయాటిక్స్‌ను తట్టుకుని అవి మొండికెక్కుతాయి. గనేరియా బ్యాక్టీరియా ఆ మొండితనాన్నిచ్చే జన్యువులను వాటి నుంచి అందుకోగలదు. పైగా మందు గొంతు కణజాలంలోకి అంత బాగా చేరదు. ఈ రోగానికి వాడే యాంటీబయాటిక్ సెఫ్‌ట్రియాక్సోన్‌కు గట్టిగా ఎదురునిలిచిన రకం 2009లో జపాన్‌లోని క్యోటోలో దొరికింది, అదీ గొంతు నమూనాలోనే. 2018లో ఇంగ్లండ్‌లో వెల్లడైన కేసులో మూత్రనాళం బాగుపడినా గొంతులో రోగం మిగిలింది. చివరికి ఎర్టాపెనెమ్ అనే మరో యాంటీబయాటిక్ ఎక్కించాల్సి వచ్చింది.

మామూలుగా ఒక్క సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. గొంతు విషయంలో మాత్రం 7 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మార్గదర్శకాలు చెబుతాయి. భాగస్వామికీ చికిత్స తప్పదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు రోగాన్ని పోగొట్టకపోగా మొండిదాన్ని చేయవచ్చు.

ముఖరతి దారిలోనే సిఫిలిస్, హెర్పిస్, హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) కూడా వస్తాయి. సిఫిలిస్ పుండు పెదవి మీదో నాలుక మీదో నొప్పి లేకుండా లేస్తుంది. హెచ్‌పీవీ 16వ రకం ఏళ్ల తరబడి పోకుండా ఉంటే టాన్సిల్స్, నాలుక మూలాల్లో క్యాన్సర్‌కు దారితీయవచ్చు. హెచ్‌ఐవీ మాత్రం ఈ దారిలో సోకడం చాలా అరుదు.

ముఖరతిలో కండోమ్ వాడితే ముప్పు బాగా తగ్గుతుంది. స్త్రీ విషయంలో కండోమ్‌ను నిలువునా కత్తిరించి జననాంగం మీద పొరలా పరుచుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధులకు ఉచితంగా చికిత్స చేస్తారు. 1097 హెల్ప్‌లైన్ నంబరుకు ఫోన్ చేసి వివరాలు అడగవచ్చు. ఆ క్లినిక్‌లలో చికిత్స ఎక్కువగా లక్షణాలను బట్టే సాగుతుంది. ఏ లక్షణమూ లేని గొంతు గనేరియా బయటపడాలంటే రోగి నోరు విప్పి అడగాలి.