ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారు? – నల్గొండ, పాలమూరు పెద్దల ఎముకలు చెప్పే చరిత్ర

అరవై దాటిన వారికి వైద్యులు రాసే పరీక్షల చీటీ ఎక్కడైనా ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. రక్తంలో చక్కెర, క్రియాటినిన్, థైరాయిడ్, మోకాళ్ల ఎక్స్‌రే, ఎముకల సాంద్రత. అయితే ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట ప్రాంతాలలో పుట్టి పెరిగిన పెద్దల విషయంలో ఆ చీటీ రాయడానికి ముందే అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. “చిన్నతనంలో ఏ ఊరి నీళ్లు తాగారు?” దీనికి వచ్చే జవాబును బట్టి పరీక్షల ఫలితాలకు అర్థమే మారిపోవచ్చు. ఎందుకు మారుతుందో తెలియాలంటే సుమారు తొంభై ఏళ్ల చరిత్రను ఒకసారి తిరగవేయాలి.

పశువులలో మొదలైన అనుమానం

ఈ వ్యాధిని మన దేశంలో మొదట గమనించినది మనుషులలో కాదు, పశువులలో. పాత హైదరాబాద్ రాజ్యంలోని కొన్ని ప్రాంతాల పశువులలో ఇటువంటి జబ్బు ఉన్నదని 1934లో మహాజన్ నివేదించారు. మద్రాసు ప్రెసిడెన్సీ పశువుల గురించి 1935లో విశ్వనాథన్ రాశారు. మనుషులలో కనిపిస్తున్న ఈ వ్యాధి ఫ్లోరోసిస్ అని 1937లో షార్ట్, ఆయన సహచరులు నిర్ధారించారు. వారు పరిశీలించినది నాటి నెల్లూరు జిల్లా గ్రామాలను. పళ్లపై గార, బిగుసుకుపోయిన వెన్ను, చాపలేని మోచేతులు – వీటన్నిటికీ మూలం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని అప్పుడు తేలింది.

దీనికి కొద్దికాలం ముందు, 1932లో, డెన్మార్క్‌లో మరో సంగతి బయటపడింది. క్రయొలైట్ అనే ఖనిజాన్ని పొడిచేసే కర్మాగారంలోని కార్మికులకు ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడడానికి మోలర్, గుడ్‌యోన్సన్ అనే వైద్యులు ఎక్స్‌రేలు తీయించారు. ఆ చిత్రాలలో ఎముకలు అసాధారణంగా చిక్కగా, తెల్లగా కనిపించాయి. క్రయొలైట్‌లోని ఫ్లోరిన్ దుమ్ముతో పాటు లోపలికి పోయి ఎముకలో చేరింది. ఒకదాని కోసం చేసిన పరీక్ష మరొకదాన్ని బయటపెట్టడం వైద్యంలో అరుదేమీ కాదు. మన పెద్దల విషయంలో ఇది నేటికీ జరుగుతూనే ఉన్నది.

నల్గొండ పేరు ప్రపంచానికి తెలిసిన నెల

1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్ ఎ. హెచ్. సిద్ధిఖీ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై రాసిన వ్యాసం వెలువడింది. అదే నెల 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఒకే నెలలో ఈ జిల్లా వ్యాధి ప్రపంచ వైద్యులకు తెలిసింది, ఈ జిల్లా గుండా పారే కృష్ణమ్మకు ఆనకట్ట మొదలైంది. ఆ రెండింటికీ మధ్య నున్న దూరం తరగడానికి మాత్రం అరవై ఏళ్లు పట్టింది.

కారణం నేల వాలులోనే ఉన్నది. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పల్లపు భూములకు పారింది. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు నేల ఎత్తు. ఆ ఊళ్లకు కాలువ నీరు ఎక్కలేదు. వారికి దిక్కు భూగర్భ జలమే. ఇక్కడి నేల అడుగున గ్రానైట్ రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా నీటిలోకి కరుగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిచితే అంత ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది.

ఈ కథలో ఒక విషాదమున్నది. చేదబావుల, దిగుడుబావుల నీటి వల్ల కలరా, నారికురుపు వచ్చేవి. వాటి బెడద నుంచి తప్పించడానికే ఊరూరా బోర్లు వేసి చేతిపంపులు బిగించారు. సూక్ష్మక్రిముల మాటకు వస్తే ఆ నీరు మేలైనదే. నారికురుపు లేని దేశంగా భారత్‌కు 2000 సంవత్సరంలో గుర్తింపు కూడా వచ్చింది. కానీ కంటికి తేటగా, నోటికి బాగానే ఉన్న ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉన్నదో చాలా ఊళ్లలో ఎవరూ కొలిచి చూడలేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండడం మంచిదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చుననీ మన దేశ ప్రమాణం.

1973 నాటి పిల్లలే నేటి పెద్దలు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త లక్షణాన్ని వివరించారు. ఫ్లోరోసిస్ ప్రాంతంలోని పిల్లలకు, యువకులకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతున్నాయి. వెన్నెముక చిక్కబడుతుండగా, కాళ్లూ చేతుల ఎముకలు పలచబడుతున్నాయి. అంటే ఒకే మనిషిలో ఒకచోట ఎముక గట్టి, మరోచోట బోలు. జొన్నలోని మాలిబ్డినం, రాగి లోపం వంటి అంశాలకు ఇందులో పాత్ర ఉన్నదా అని ఆ సంస్థ శాస్త్రవేత్తలు తరువాతి కాలంలో పరిశోధించారు.

ఆనాడు పదిహేనేళ్లున్న కుర్రవాడికి నేడు అరవై ఏడు దాటాయి. పాత పరిశోధనలోని ఆ మోకాళ్లే ఇప్పుడు ఆసుపత్రి బల్లపైకి ఎక్కలేక ఇబ్బంది పడుతున్నాయి.

పటిక, సున్నం, బ్యాలెట్ కాగితం

నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970వ దశకంలో ఒక విధానాన్ని రూపొందించింది. నీటిలో తగు పాళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా కలియబెట్టి, మడ్డి అడుగున పేరుకున్న తరువాత పైతేటను వాడుకోవాలి. దీనికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు. టాంజానియా, ఇథియోపియా వంటి ఆఫ్రికా దేశాలలోనూ ఇది వాడుకలోకి వెళ్లింది. అయితే నీటిని బట్టి పాళ్లు మారాలి, మడ్డిని ప్రతిసారీ తీయాలి. కూలికి పోయే ఇంట్లో రోజూ ఈ పని సాగడం కష్టం.

విసిగిపోయిన జనం 1996 లోక్‌సభ ఎన్నికలలో తమ బాధను బ్యాలెట్ కాగితం మీదికి ఎక్కించారు. జలసాధన సమితి పిలుపుపై వందలాది మంది నామినేషన్లు వేయగా నల్గొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. అదే ఏడాది సాధారణ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీళ్ల కన్నా ముందు చట్టం మారింది.

నీళ్లు ఆ తరువాత వచ్చాయి. శుద్ధిచేసిన నదీజలాలను ఇంటింటికీ అందించే మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. క్రమంగా ఫ్లోరైడ్ గ్రామాలకు కృష్ణా నీరు చేరింది. నేటి పిల్లల పళ్లకూ ఎముకలకూ ఇది నిజంగా గొప్ప మేలు.

నీరు మారింది, ఎముక మాటేమిటి?

శరీరంలోని ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకలు, పళ్లలోనే ఉంటుంది. మంచినీరు తాగడం మొదలుపెట్టిన తరువాత ఎముకలోని నిల్వ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మాత్రమే బయటకు వస్తుంది. బిగిసిన స్నాయువులు తిరిగి సాగవు. కాబట్టి మన పెద్దల పరీక్షలను చదివేటప్పుడు నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఎముకల సాంద్రత పరీక్ష. ఫ్లోరోసిస్ ఉన్నవారి వెన్నెముకలో సాంద్రత ఎక్కువగా కనిపించవచ్చు. “మీ ఎముకలు బలంగా ఉన్నాయి” అన్న మాటకు నిశ్చింత పడరాదు. సాంద్రత ఎక్కువైనా ఆ ఎముక పెళుసుగా ఉండవచ్చు. పడకుండా చూసుకోవడం వీరికీ అంతే ముఖ్యం.

రెండవది, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష. ఇది ప్రధానంగా ఇటీవల తాగిన నీటి సంగతి చెబుతుంది. ఇప్పుడు తక్కువగా వచ్చినంత మాత్రాన పాత జబ్బు లేదని కాదు. పాత జబ్బు ఆనవాలు ముంజేయి ఎక్స్‌రేలో దొరుకుతుంది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి తెల్లగా కనిపిస్తుంది.

మూడవది, వృద్ధ పురుషుల ఎక్స్‌రేలో ఎముకలు చిక్కగా కనిపిస్తే ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందేమోనన్న అనుమానం రావడం సహజం. వైద్యులు పి.ఎస్.ఎ. పరీక్ష రాస్తే కంగారు పడవద్దు, మానవద్దు కూడా. ఊరి పేరు, నీటి సంగతి చెబితే వైద్యులు రెండు కారణాలనూ పక్కపక్కన పెట్టి చూడగలరు.

నాలుగవది, మూత్రపిండాలు. ఫ్లోరైడ్ బయటకు పోయే ప్రధాన మార్గం అదే. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు క్రియాటినిన్ పరీక్షను వాయిదా వేయరాదు. కీళ్ల నొప్పులకు దుకాణంలో కొనుక్కునే మాత్రలు ఏళ్ల తరబడి మింగితే దెబ్బ తగిలేది కూడా అక్కడే.

వీటన్నిటికన్నా తొందరపడవలసిన సందర్భం ఒకటున్నది. కాళ్లలో తిమ్మిరి, నడుస్తుంటే తూలడం, చెప్పు జారినా తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం. వీటిని “వయసు మీద పడింది” అని సరిపెట్టుకోకూడదు. సున్నం పట్టిన వెన్నెముక లోపలి వెన్నుపామును నొక్కుతూ ఉండవచ్చు. వెంటనే నరాల వైద్యుణ్ణి కలవాలి. ఇటువంటివారు మెడ విరిపించుకోవడం, వీపు తొక్కించుకోవడం అత్యంత ప్రమాదకరం.

పరీక్షకు బయలుదేరే ముందు

వంగిన వెన్నుతో ఎం.ఆర్.ఐ. బల్లపై వెల్లకిలా పడుకోవడం కష్టం. ఆ సంగతి ముందుగానే టెక్నీషియన్‌కు చెబితే తల కింద, మోకాళ్ల కింద దిండ్లు పెడతారు. మోచేయి చాపలేనివారు రక్తం అరచేతి వెనుక నుంచి తీయమని అడగవచ్చు. పరగడుపు పరీక్ష కోసం తెల్లవారుజామున బస్సెక్కే మధుమేహ రోగులు మాత్ర గాని ఇన్సులిన్ గాని ఎప్పుడు తీసుకోవాలో ముందురోజే అడగాలి. తినడానికి ఏదైనా వెంట ఉంచుకోవాలి. పాత ఎక్స్‌రేలను ఒక సంచిలో భద్రపరచాలి. నేటి చిత్రం కంటే, పదేళ్లనాటి దానితో పోల్చిన నేటి చిత్రం ఎక్కువ చెబుతుంది.

ఇంట్లో నల్లా నీరు రాని రోజున మళ్లీ పాత బోరు నీళ్లే తాగవద్దు. చిక్కటి డికాక్షన్ టీ, నల్ల ఉప్పు తగ్గించాలి, వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి వంటివి భోజనంలో ఉండాలి.

పాలమూరు కూలీలకు ఇంకొక మాట. ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసిన ఆ తరం దేశంలో ఎన్నో చోట్ల పనిచేసి, ఎన్నో ఊళ్ల నీళ్లు తాగింది. ఆధార్ కార్డు మీద ఒక్క ఊరే ఉంటుంది. కాబట్టి పనిచేసిన ఊళ్లన్నిటినీ, అక్కడున్న ఏళ్లతో సహా, పిల్లలు ఒక కాగితం మీద రాసిపెట్టాలి. ఆ కాగితం పరీక్షల ఫైలులో మొదటి పేజీగా ఉండాలి. వైద్యుడు అడగకపోతే మీరే చూపించండి.