బుడమేఱు - బెజవాడ వఱద

విజయవాడ యనగానే కృష్ణానదియే యెవరికైనను స్ఫురించును. వఱదభయ మన్నను పెద్దలు ఆ మహానదిని గుఱించియే చెప్పుచుండిరి. కాని 2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన పట్టణపు ఉత్తరభాగమును ముంచినది కృష్ణ కాదు, బుడమేఱను చిన్నయేఱు. దానిని పట్టణవాసులలో ననేకులు మురుగుకాలువగా మాత్రమే యెఱుగుదురు. అజిత్‌సింగ్ నగరము, రాజరాజేశ్వరీపేట, పాయకాపురము మొదలగు పేటలలో గృహస్థులు దినములతరబడి మేడలపై నిలిచి, పసిబిడ్డల పాలకొఱకును త్రాగునీటికొఱకును పడవలకై యెదురుచూడవలసి వచ్చెను. చుట్టును నిలువెత్తు నీరు. గ్రుక్కెడు త్రాగుటకు లేదు.

ఈ యేటి నడవడిక నెఱుగనిదే యీ యాపద బోధపడదు. బుడమేఱు మైలవర ప్రాంతపు గుట్టలలో పుట్టి, వెలగలేరు మీదుగా వచ్చి, విజయవాడ శివారులను చుట్టి, తూర్పుగా పాఱి కొల్లేటిలో కలియును. కొల్లేటినీరు ఉప్పుటేటి ద్వారమున బంగాళాఖాతమును చేరును. ఎగువను గుట్టల వాలు, దిగువను డెల్టాయొక్క సమతలము. కావున గుట్టలపై కుంభవృష్టి కురిసినచో నీరు కొలదిగంటలలోనే దుమికివచ్చును. దిగువకు పోవుటకు మాత్రము దినములు పట్టును. వేసవిలో చూచినవాడు దీనిని ఏఱని నమ్మడు.

గడచిన శతాబ్దమున ఇంజనీర్లు దీనికొక యుపాయము పన్నిరి. వెలగలేరువద్ద తలుపులుగల రెగ్యులేటరు కట్టి, అచ్చటనుండి మళ్లింపుకాలువ త్రవ్వి, వఱదను పట్టణము చేరకమునుపే ప్రకాశం బారేజికి ఎగువను కృష్ణలో విడిచిరి. మొదట ఆ కాలువను సెకనుకు 15,000 ఘనపుటడుగుల నీటికి లెక్కకట్టిరి. యోచన మంచిదే. కాని దానివలన ఎవరును తలపోయని ఫలమొకటి కలిగినది. ఎగువను తలుపులు మూసియుండుటచే దిగువపాత్ర పెక్కేండ్లు ఎండియుండెను. ఎండిన యేటిని జనులు చచ్చిన యేటిగా నెంచిరి. గట్లు చదునయ్యెను, పాత్ర సన్నగిల్లెను, స్థలములు అమ్ముడుపోయెను. పట్టణమధ్యమున గజము కొనజాలని కూలివాడు, చిన్నయుద్యోగి అచ్చట నిల్లు కట్టుకొనిరి. స్థలమంత చవుక యేలనో అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాడు అడుగలేదు. 2005లో బుడమేఱు పొంగి యీ పేటలను ముంచి, తన త్రోవ ఏదియో ఒకమాఱు చూపియే పోయినది. అప్పటినుండి కాలువను వెడల్పు చేయవలయునను మాట వినబడుచునే యున్నది. పోలవరము కుడికాలువయు దీనితో కలిసెను. 2015లో పట్టిసీమవద్ద ఎత్తిపోసిన గోదావరినీరు ఈ మార్గముననే కృష్ణను చేరినది. కఱవున నీరు తెచ్చుటయు, వఱదను మోసికొనిపోవుటయు ఒక్క కాలువకే పనులైనవి.

2024లో జరిగిన దేమి? గుట్టలలోను పట్టణములోను వాన యొక్కటిగా కురిసినది. మళ్లింపుకాలువ తన మితిని మీఱి పాఱి, ఎడమగట్టున మూడుచోట్ల గండ్లు పడినవి. వానిని పూడ్చుటకు సైనికులు సైతము రావలసివచ్చెను. సెప్టెంబరు 7వ తేదీకి గాని పని ముగియలేదు. ఆ దినములలోనే బారేజివద్ద కృష్ణ సెకనుకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల యెత్తున పాఱినది. ఇదియే కీలకము. బుడమేటినీటిని కృష్ణ పుచ్చుకొనునను నమ్మకముపై కాలువ త్రవ్వబడెను. కృష్ణయే నిండుగా నున్ననాడు ఆ నీరు వెనుకకు తన్నును. ఒక్క తుపానే రెంటిని నింపగలదను సంగతిని యోచన యెంతవఱకు లెక్కించెనో చదువరులే తలపోయుదురుగాక.

హైదరాబాదున 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనులు మడిసినపుడు నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన నది గట్టును మాత్రమే చూడలేదు. ఎగువ పరీవాహకప్రాంతమునకల్ల లెక్కచూచెను. 788 చెఱువులలో 221 తెగినట్లు తేలినది. చెఱువు నిండినప్పుడు నీరు పొరలిపోవు మార్గమును సంస్కృతమున పరీవాహమందురు, మనవారు అలుగందురు. అది చాలక కట్ట తెగిన నొక్కొక్క చెఱువు క్రిందిచెఱువును తెంచుకొనిపోవును. వఱద పట్టణమునకు పైననే నిలువవలయునని ఆయన తేల్చెను. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి.

బుడమేటికిని ఎగువన నీరు విశ్రమించుచోటు కావలయును. దిగువను సైతము మఱువరాదు. ఎనికెపాడువద్ద ఏఱు కాలువక్రింది సొరంగమున దూరిపోవలయును, అటుపిమ్మట కొల్లేరు. ఆ సరస్సులో చేపలచెఱువుల గట్లు పెరిగిపోగా 2006లో ప్రభుత్వమువారు వానిని పెద్దయెత్తున కొట్టించిరి. కొల్లేరు, ఉప్పుటేరు నీటిని పుచ్చుకొననిచో పట్టణమున పాత్రను ఎంత వెడల్పు చేసినను ఒకరి కష్టము నింకొక యూరికి త్రోయుటయే యగును.

2024 తరువాత ఏటిహద్దులను కొలిచి ఆక్రమణలను తొలగింతుమని ప్రభుత్వమువారు ప్రకటించిరి. కొలుచుట యావశ్యకమే. కాని ఆ గీత నాటుకంటె ముందు, ఇంటిపన్ను రసీదు చేతబట్టుకొనియున్న గృహిణికి తన వంటిల్లు గీతకు ఏప్రక్కనున్నదో, అటుప్రక్కనైనచో తన బిడ్డలు ఏ పేటకు పోవలయునో ఇంజనీరును తహసీలుదారును ఆమె వాకిట నిలిచి చెప్పవలసియున్నది.