రాజు వేషం ఎవరికీ లేదు

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో రోజూ ఒకటే తగువు. "నేనే అల్లూరిని" అని పెద్దోడు, "కాదు, నేనే" అని చిన్నది. టీవీలో పాత 'అల్లూరి సీతారామరాజు' సినిమా చూసి, ఆ కథతో ఆట ఆడదామని కూర్చున్నారు.

ఆ ఆటను పెద్దోడు హైదరాబాదులో మా చెల్లెలి కొడుకు దగ్గర నేర్చుకొచ్చాడు. ఒకరు కథ చెప్తారు, మిగిలినవాళ్లు తలో పాత్ర తీసుకుంటారు. "వాగు పొంగింది, ఏం చేస్తావు?" అని కథ చెప్పేవాళ్లు అడుగుతారు. చేసేది చెప్పి పాచిక వేస్తే, పని అయిందీ లేనిదీ తేలుతుంది. నాకైతే బుర్రకథ గుర్తొచ్చింది. అక్కడ వంతలు ప్రశ్నలేస్తారు, ఇక్కడ వంతలే కథను మలుపు తిప్పుతారు. ఈ తరహా ఆటల్లో మొదట అచ్చయింది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో తెచ్చారు. చిత్రమేమిటంటే కృష్ణగారి వందో సినిమా 'అల్లూరి' విడుదలైందీ 1974లోనే, మే 1న. వాళ్ల పాచికకు ఇరవై ముఖాలట. మాకు అష్టాచమ్మా గవ్వలు నాలుగు చాలు.

కథ చెప్పే పని నా మీద పడింది. మొదలుపెట్టగానే ఇబ్బంది తెలిసొచ్చింది. సినిమాకు ఒక్క హీరో చాలు. ఆటలో కూర్చున్న ప్రతివాళ్లకూ చేయడానికి పని ఉండాలి. ఒకరు రాజు అయితే మిగతావాళ్లు వెనక నిలబడి జేజేలు కొట్టాలా? అందుకని ఒక నియమం పెట్టాను. రాజు వేషం ఎవరికీ లేదు. రాజు మాట నేను చెప్తాను, మీరు ఆయనతో నడిచినవాళ్లు.

మరి ఆ నడిచినవాళ్లెవరు? పుస్తకాలు తిరగేయాల్సి వచ్చింది. గాం గంటందొర బట్టిపనుకుల మునసబుగా చేసినవాడు. గాం మల్లుదొర అతని తమ్ముడు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరిగ్గా కూలి ఇవ్వకుండా కొట్టి పని చేయించాడు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం కష్టమైంది. వీళ్లకు రాజు రాకముందే కోపం ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు. మూడు రోజులు, మూడు ఆటలు. ముందే కబురు పంపి మరీ వచ్చే 'మిరపకాయ టపా' పిల్లలకు తెగ నచ్చింది.

మల్లుదొర పట్టుబడి అండమాన్ జైలుకు వెళ్లాడు. తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకు గెలిచాడు. ఆ సంగతి చెప్తే పెద్దోడు అల్లూరి పాత్ర వదిలేసి మల్లుదొర అయిపోయాడు.

చిన్నదానిది ఇంకో పేచీ. "నేను కాపలా ఉంటా, రాజును దొరకనివ్వను" అంది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర జరిగింది నేను మార్చలేను. గవ్వల్లో అష్ట పడిందని బతికించేస్తే అది ఆయన కథ కాదు. అలాగని ఏం చేసినా ఒకటే అంటే పిల్ల గవ్వలు వేయడమెందుకు? చివరికి ఇలా తేల్చాను. జరిగింది జరిగినట్టే ఉంటుంది, ఆ మధ్యలో నువ్వేం చేశావన్నది నీ ఇష్టం. ఆరోజు కాపలా ఉన్న పిల్ల గాయపడ్డ ఇద్దర్ని ఘాటీ దాటించింది. ఏడుస్తూనే దాటించింది.

అసలు ప్రశ్న వేసింది మాత్రం మా పెద్దోడి స్నేహితుడు. హాస్టల్లో ఉండి చదువుకునే కోయ పిల్లాడు, వాళ్లది వరరామచంద్రపురం వైపు. రెండు రోజులు చూసి, "ఆంటీ, ఇదంతా గూడెం వైపు కథ కదా. మా వైపు ఎవరూ లేరా?" అన్నాడు. పాతికేళ్లుగా భద్రాచలంలో ఉంటున్నా. నాకు జవాబు తెలియలేదు, సిగ్గేసింది.

మళ్లీ పుస్తకాలే. జవాబు ఉంది. రంపలో 1879 మార్చిలో పితూరీ లేస్తే, జూలైలో మన భద్రాచలం తాలూకా రేకపల్లి కూడా లేచింది. రాజు పితూరీకి నలభై మూడేళ్ల ముందు! రేకపల్లి అంతకు కొన్నేళ్ల ముందే సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు కిందికి వచ్చింది. పాత లెక్కలో ఒక గొడ్డలి నరికినంత పోడుకు నాలుగణాలు కడితే సరిపోయేది. మద్రాసు వాళ్లు దాన్ని ఇంచుమించు మూడింతలు చేశారు, కొన్నిచోట్ల పోడే కూడదన్నారు. ఇదే రేకపల్లి ఇప్పుడు పోలవరం ముంపు మండలంలో ఉంది.

ఇది చెప్తే ఆ అబ్బాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత సుద్దముక్క తీసుకుని, మా వరండాలో గోదావరి గీశాడు, కూనవరం దగ్గర శబరిని కలిపాడు, కొండలు పెట్టాడు. "ఈసారి కథ నేను చెప్తా ఆంటీ. మీరూ కూర్చోండి" అన్నాడు.

దీనికి సినిమా లేదు. ఎవరు గెలుస్తారో, ఏ డైలాగు ఎక్కడొస్తుందో మా పిల్లలకు తెలియదు. గొడ్డలి పట్టుకున్న రైతుగా నేను కూర్చున్నాను.

"అమీను వచ్చి పన్నెండణాలు అడుగుతున్నాడు. ఏం చేస్తావు?" అన్నాడు.

గవ్వలు నా చేతిలోనే ఉన్నాయి. చప్పున ఏమీ తోచలేదు.