పెనుగులాట

మాది సఖినేటిపల్లి. వశిష్ఠ గోదావరికి ఇవతల మేము, అవతల నరసాపురం, మధ్యలో పంటు. చించినాడ వంతెన మీదుగా వెళ్లొచ్చు గానీ అది బోలెడు చుట్టు. అందుకని బళ్లూ బుట్టలూ మనుషులూ అంతా పంటెక్కుతారు. మా ఇంట్లో రేవు అంటే ఆ రేవే. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆదికాండం 32వ అధ్యాయం చదువుతుంటే, యాకోబు రాత్రికి రాత్రి లేచి ఇంటిల్లిపాదినీ యబ్బోకు రేవు దాటించాడనగానే నాకు మా రేవే కళ్లముందుకొచ్చింది. ఇద్దరు భార్యలూ, ఇద్దరు దాసీలూ, పదకొండుమంది పిల్లలూ ఆఖరి పంటెక్కి వెళ్లిపోయారు. ఇతనొక్కడే ఉండిపోయాడు. చీకటి. నీళ్ల చప్పుడు. అప్పుడెవరో వచ్చి పట్టుకున్నారు, తెల్లారేదాకా వదల్లేదు.

ఆ ఘట్టానికి తెలుగు బైబిల్ వాడిన మాట పెనుగులాడటం. మాకు సండే స్కూలు చెప్పేది నాన్నగారే. "నాన్నగారూ, దేవుడితో కుస్తీ పట్టడమేంటి?" అనడిగాను. "కుస్తీ కాదురా. కుస్తీకి గోదా ఉంటుంది, చూసేవాళ్లుంటారు, ఈల వేసేవాళ్లుంటారు. ఇది పెనుగులాట" అన్నారు. అంతకుమించి చెప్పలేదు. ఆ తేడా ఏమిటో తెలుసుకోవడానికి నాకు పాతికేళ్లు పట్టింది.

పెనుగులాటలోని "పెను" చూసి పెద్ద గొడవ అనుకునేవాణ్ణి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని పడుకోబెట్టేసిన దగ్గర్నుంచి పెనుగాలి, పెనుతుపాను అనే మాటలు మా నోళ్లలో బాగా నానాయి కదా, ఆ పెనే ఇదీ అనుకోవడం సహజం. కాదు. దీని పాత రూపం పెనఁగు. నడుమ ఉన్న అరసున్న ఊరికే రాలేదు. తమిళంలో ఇదే మాట పిణంగు. అక్కడ నిండుగా పలికే అనునాసికం మనకి అరసున్నగా సన్నబడి, ఆ తర్వాత అచ్చులోంచే పోయింది. తమిళంలో పిణంగు అంటే మెలిపడటం, గొడవపడటం, అలగడం కూడా. మలయాళంలో పిణక్కం అంటే అలక. కన్నడంలో మొదటి పకారం హకారమై, హెణె అంటే అల్లడం, హెణగు అంటే సతమతమవుతూ పాటుపడటం. మన దగ్గర పెన అంటే తాడు మెలిక, పెనచు అంటే మెలిపెట్టడం, పెనవేసుకోవడం అంటే చెప్పనక్కర్లేదు. బ్రౌన్ 1852 నాటి తన నిఘంటువులో పెనగు దగ్గర మల్లుల పట్టు గురించి చెబుతాడు, దాని పక్క పదాలలోనే తాడు మెలిక కూడా ఉంటుంది. నాలుగు భాషల్లోనూ అల్లికా పోట్లాటా ఒకే ఇంటి మాటలు.

మా తాతయ్య కొబ్బరి పీచు తాడు పేనేవారు. నానబెట్టి కొట్టిన డొక్కల పీచు పక్కన కుప్పగా ఉండేది. రెండు సన్నటి కుచ్చులు తీసి కుడి తొడమీద పక్కపక్కన పెట్టి, అరచేత్తో ముందుకి దొర్లిస్తే రెండూ వేటికవి పురెక్కేవి. అదే చెయ్యి వెనక్కి లాగగానే రెండూ ఒకదాన్నొకటి చుట్టుకునేవి. మళ్లీ ముందుకి, మళ్లీ వెనక్కి, మధ్యలో కొంచెం ఉమ్మి తడి. తొడమీద వెంట్రుకలు ఎప్పుడో అరిగిపోయి ఆ మేర చర్మం నున్నగా మెరుస్తుండేది. ఒక్కవైపే తిప్పిన పీచు చెయ్యి తీసిన మరుక్షణం విడిపోతుంది. ముందుకి ఎక్కిన పురి విడిపోదామని చూస్తుంటే, వెనక్కి పడిన మెలిక దాన్ని విడిపోనివ్వదు. ఎదురెదురు తిరుగుళ్లు ఒకదాన్నొకటి బిగబట్టుకోవడం వల్లనే అది తాడైంది. పడవ కట్టేది దానితోనే.

పోరు నష్టం, పొందు లాభం అని మన సామెత. పోరూ పొందూ రెండు వేరు సంగతులని, ఏదో ఒకటి ఎంచుకోవాలని అది చెబుతుంది. పెనుగులాట అనే మాట ఆ సామెతకి లొంగదు. దూరంగా నిలబడి రాయి విసరొచ్చు, తిట్టొచ్చు, పోరాడొచ్చు. దూరంగా నిలబడి పెనుగులాడలేం. వెలుపలినుంచి చూసేవాడికి అది కౌగిలో కొట్లాటో ఓ పట్టాన తేలదు.

ఈ సంగతి నా ఒంటికి తెలిసింది హైదరాబాద్‌లో. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఒక సెల్లారులో ఉన్న జిమ్‌కి వెళ్లేవాణ్ణి, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్చుకోవడానికి. మా ఊళ్లో చాలామందికి ఎంఎంఏ అంటే 2022లో వచ్చిన లైగర్ సినిమా. నాకు మాత్రం అది 1993 నవంబరు 12న డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోటీ. దాన్ని వీడియోలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. హోయ్స్ గ్రేసీ అనే సన్నటి మనిషి తెల్లటి గీ దుస్తులు వేసుకొచ్చి ఒక్క రాత్రిలో ముగ్గుర్ని ఓడించాడు. వాళ్లని కొట్టి పడగొట్టడం అతని పద్ధతి కాదు, అంటుకుపోవడమే. మొదటి ప్రత్యర్థి ఆర్ట్ జిమ్మర్సన్ బాక్సరు, ఒక చేతికే గ్లౌజు వేసుకొచ్చాడు. గ్రేసీ అతన్ని కింద పడేసి మీద కూర్చోగానే, ఇంకా ఏ పట్టూ బిగించకముందే, చాలంటూ చేత్తో నేలమీద తట్టేశాడు. గుద్దుల మనిషికి ఆ దగ్గరతనమే భరించరానిదైంది.

మా కోచ్ మొదటిరోజు చెప్పింది కూడా ఇదే. దెబ్బ తగలగానే అందరూ వెనక్కి జరుగుతారు. వెనక్కి జరిగితే ఎదుటివాడి చెయ్యి పూర్తిగా చాపుకోవడానికి జాగా దొరుకుతుంది, రెండో దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. "దెబ్బ తగిలిందా, ముందుకెళ్లు. వాడి చంకల్లో చేతులు దూర్చి ఛాతీకి తల ఆనించు. అక్కడ గుద్దడానికి చోటుండదు." దీన్ని వాళ్లు క్లించ్ అంటారు. చెమట, అవతలివాడి గుండె చప్పుడు నా చెవికి. నేను పుట్టి పెరిగిన భాషలో దీనికో మాట ఎప్పుడో ఉందని ఆ పూటే గుర్తొచ్చింది. ఆ ఆట మీద నాకు కలిగిన ప్రేమ అప్పటినుంచి ఇప్పటిదాకా తగ్గలేదు. అన్నట్టు "ఆట" అనే తోక కూడా చూడండి: పోరాట, కొట్లాట, తోపులాట, కుమ్ములాట, పెనుగులాట. ఒక్కడు చేసే పని కాదనీ, ఒక్క దెబ్బతో అయిపోయేది కాదనీ ఆ తోక చెబుతోంది.

2020 ఆగస్టులో నాన్నగారు కోవిడ్‌తో పోయారు. మా సంఘం బ్రదరన్ సంఘం. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండునుంచి వచ్చి నరసాపురంలో స్థిరపడిన బౌడెన్, బీర్ కుటుంబాల నాటినుంచి ఈ డెల్టాలో పాతుకున్న సంఘాలివి. పెద్దలే నడిపిస్తారు, నాన్నగారూ ఒక పెద్దే. పదకొండు రోజులు ఫోన్లోనే ఉపవాస ప్రార్థనలు జరిగాయి. పన్నెండోనాడు ఆయన లేరు. దహనమో ఖననమో కూడా మా చేతుల్లో లేని రోజులవి. ఆ వారమే ఒక పెద్దాయన ఫోన్ చేసి, ఇంట్లో ఎవరికో విశ్వాసం కొరవడింది బాబూ, అన్నాడు. ఆ ఎవరో నేనేనని ఆయన గొంతులో ఉంది. ఆ రాత్రి ప్రార్థనకి మోకరించాను. తండ్రీ అని మొదలుపెట్టాలి. ఆ మాట దగ్గరే గొంతు పట్టేసింది. ఆ తర్వాత నెలల తరబడి అంతే. చల్లారిపోయాడన్నారు సంఘంలో. మా వాడుకలో అదొక నిర్ధారణ, డాక్టరు రాసిచ్చినట్టే.

ఆ అక్టోబరు 24న అర్ధరాత్రి దాటాక అబుదాబిలో జరిగిన యూఎఫ్‌సీ పోటీ చూశాను. ఖబీబ్ నుర్మగొమెదోవ్ జస్టిన్ గేత్జీని కాళ్లమధ్య బిగించి గెలిచాడు. 29 పోటీలు, ఒక్క ఓటమి లేదు. అతనికి కోచ్ అయిన తండ్రి జులైలోనే పోయాడు. గెలిచినవాడు చేతులెత్తి తిరగలేదు. పంజరం మధ్యలో కుప్పకూలి ముఖం నేలకానించి ఏడ్చాడు. నాన్న లేకుండా ఇక పోటీలొద్దని గ్లౌజులు విప్పి అక్కడే పెట్టేశాడు. అతని మతం వేరు, నాది వేరు. ఫోను వెలుగులో నేనూ ఏడ్చాను, ఆగస్టునుంచి మొదటిసారి.

ప్రార్థన పోయింది గానీ బైబిల్ మూసెయ్యలేదు. మాటల కోసం చదివాను. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయం ఆఖర్న ముష్టియుద్ధం మాట ఎత్తుతాడు. ఆ ఊరి పక్కనే రెండేళ్లకోసారి ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి, బాక్సింగూ కుస్తీ కలిపిన పాంక్రేషన్ ఆ కాలపు ఎంఎంఏ. అందుకే చదివేవాళ్లకి ఆ పోలిక విడమరచి చెప్పక్కర్లేదు. తన శరీరాన్ని లోబరచుకోవడానికి తానేం చేస్తాడో చెప్పడానికి ఆయన వాడిన గ్రీకు మాట హుపోపియాజో. కంటికింద గుద్దడం అని దాని అసలర్థం. తెలుగులో నలగగొట్టడం అన్నారు. బాగానే ఉంది. అయితే ఇదే గ్రీకు మాట కొత్త నిబంధనలో ఇంకొక్కచోటే ఉంది: లూకా 18వ అధ్యాయం. అన్యాయపు న్యాయాధిపతి దగ్గరికి ఒక విధవరాలు మాటిమాటికీ వస్తుంది, ఈవిడ నన్ను కంటికింద గుద్దేలా ఉంది, న్యాయం చేసి పంపించేస్తా అనుకుంటాడతను. అక్కడ మన అనువాదకులు ఎంచుకున్న మాట గోజాడటం. ఎంత ఇంటి మాట! విసుగు లేకుండా ప్రార్థన చెయ్యాలని చెప్పడానికి యేసు చెప్పిన కథ అది. అంటే ప్రార్థన అన్నది పరలోకపు కంటికింద గుద్దు లాంటిదని ఆ మాటలో ఉంది, అదే గోజాడటం. తెలుగు పోరుకి కూడా ఈ రెండర్థాలూ ఉన్నాయి కదా. యుద్ధమూ పోరే, ఇంట్లో పోరగా పోరగా మనిషి దిగిరావడమూ పోరే.

మళ్లీ యాకోబు దగ్గరికి వస్తే, ఆ అధ్యాయంలో రెండు క్రియలున్నాయి. రాత్రి జరిగింది పెనుగులాట. తెల్లారుతుండగా ఇశ్రాయేలు అని పేరు పెట్టేటప్పుడు మాత్రం పోరాడి గెలిచావంటాడు. హీబ్రూలోనూ రెండు వేరు క్రియలే. మొదటిదాని అక్షరాలు దుమ్ము అనే మాటవి. యాకోబు, యబ్బోకు, పెనుగులాట ఆ భాషలో ప్రాస కుదిరినట్టు ఉంటాయి. తెలుగులో ఆ ప్రాస పోయింది గానీ, ఎవరూ తలపెట్టకుండానే ఇంకోటి వచ్చి కూర్చుంది. ఆ చోటికి యాకోబు పెట్టిన పేరు పెనూయేలు, దేవుని ముఖమని అర్థం. పెనుగులాడిన చోటు కాబట్టి పెనూయేలు అయిందని చిన్నప్పుడు గట్టిగా నమ్మాను. తప్పే. ఆ తప్పుని వదులుకోబుద్ధి కావడం లేదు.

ఎఫెసీయులకి రాసిన పత్రిక 6వ అధ్యాయంలో చీకటిశక్తులతో మన పోరాటం గురించి పౌలు రాసినచోట గ్రీకులో ఉన్నది కుస్తీ మాటే. తెలుగులో పోరాడటం అన్నారు, పెనుగులాడటం అనలేదు. అనువాదకుల తెలివికి దణ్ణం పెట్టాలి. చీకటిని పెనవేసుకోకూడదు. తెలుగు మాటల్లో ఆ ఎంపిక ఎవరిదో తెలియదు గానీ, 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీల పక్కన కూర్చుని సువార్తల అనువాదానికి సాయపడిన ఆనందరాయర్ లాంటి తెలుగు తెలిసినవాళ్లు లేకుండా ఇంత సున్నితం వచ్చేది కాదని నా నమ్మకం.

నమ్మకం అన్నాను. విశ్వాసంలో ఉన్నది శ్వస్ ధాతువు, ఊపిరి. నిబ్బరంగా ఊపిరి తీసుకోగలగడమే మొదట విశ్వాసం. ఇది తెలిసిన రోజున జిమ్‌లో తొంభై కిలోల కుర్రాడొకడు నా ఛాతీమీద అడ్డంగా పడుకుని ఉన్నాడు. కొత్తవాళ్లు అక్కడ ఊపిరి బిగబడతారు, అరనిమిషంలో కళ్లు చీకట్లు కమ్మి తట్టేస్తారు. "ఊపిరి వదులు, వాడి బరువు కింద ఎంత జాగా ఉంటే అంతే తీసుకో" అంటాడు కోచ్. తీసుకున్నాను. పక్కటెముకలు ఓ వేలెడంత లేచాయి, దిగాయి. ఫోన్ చేసిన ఆ పెద్దాయన విశ్వాసాన్ని గింజల్లా కొలవొచ్చనుకున్నాడు, ఎవరి దగ్గర ఎంత తక్కువైందో చెప్పొచ్చనుకున్నాడు. నా దగ్గర అప్పుడున్నది ఆ వేలెడంతే. నాకు ప్రార్థన రాని ఆ నెలల్లో కూడా, ఎందుకు తీసుకెళ్లిపోయావని అడిగిన ప్రతిసారీ ఒకరినే అడిగాను. ఇంకెవర్నీ అడగలేదు.

మొన్న ఆదివారం ఊళ్లో ఉన్నాను. జిమ్‌లో తుంటి పట్టేసి కుంటుతూ మీటింగుకి వెళ్లాను. "మళ్లీ ఆ కొట్లాటలకేనా నాన్నా" అంది అమ్మ. నాన్నగారు కూర్చునే కుర్చీలో ఇప్పుడు వేరొకరు కూర్చుంటున్నారు. రొట్టె విరిచి పళ్లెం పంపారు. నాలుగేళ్లుగా నేను తీసుకోవడం లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. నా దాకా వచ్చింది. అంచు పట్టుకున్నాను. అమ్మ ఇటు చూడకుండా పాటల పుస్తకంలోకి చూస్తోంది. పక్కవరసలో పెద్దావిడ తన వంతు కోసం చెయ్యి చాపి, నేను ఇవ్వకపోయేసరికి ఆ చేతిని అలాగే ఉంచి, తొందర పెట్టకుండా ఆగింది.