ప్రొక్లైనర్ నుంచి రెండు వైర్ల దాకా

కొంచెం పెద్ద పోస్టు. పాత జేసీబీ కొనాలని సిటీకి పోయే ఆలోచన ఉన్నవాళ్ళు తీరిగ్గా చదవండి. ఆ ఆలోచన లేనివాళ్ళు, ఉన్నవాళ్ళకు పంపండి.

మన ఊళ్ళల్లో టైర్ల మీద నడిచే తవ్వే బండిని జేసీబీ అంటాం, గొలుసు బండిని ప్రొక్లైనర్ అంటాం. రెండూ కంపెనీల పేర్లే. ఫ్రాన్స్‌లో జార్జ్ బటాయ్ అనే ఆయన 1927లో వ్యవసాయ పనిముట్ల వర్క్‌షాప్ పెట్టిండు. అదే తర్వాత పోక్లెయిన్ అయింది. ఎల్ అండ్ టీ వాళ్ళు ఆ బండ్లను మన దేశంలో తయారుచేస్తే, మన నోట్లో పడి ప్రొక్లైనర్ అయింది. ఇంక జేసీబీ అంటే జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్. 1945లో ఇంగ్లండ్‌లో అద్దె గ్యారేజీలో ఆయన చేసిన మొదటి వస్తువు రైతులు వాడే ట్రాలీ. ముందు బకెట్, వెనక బకెట్ ఉన్న బండి 1953లో వచ్చింది. 1979లో ఎస్కార్ట్స్‌తో కలిసి మన దేశంలో అడుగుపెట్టింది. ఈ రెండు యంత్రాలూ పుట్టింది రైతు పనిముట్ల షెడ్డులోనే అన్నమాట.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. అంత పెద్ద రాతి కట్ట చాలా వరకు మనుషుల రెక్కల మీదే లేచింది. అరవై ఏండ్ల తర్వాత, 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువులో పూడిక తీసింది యంత్రాలు. మనం ట్రాక్టర్లు వరుసలో పెట్టుకొని ఒండ్రు తోలుకున్నాం. అప్పటి నుంచే మనకూ ఒక బండి ఉంటే బాగుండు అనే ఆశ చాలామందికి పట్టింది. కొత్త బండి కొనే శక్తి లేక పాతవి చూస్తరు.

పాతకాలం బండిలో రోగం కంటికి కనపడేది. పైపు పగిలితే నూనె కారేది, పంపు పోతే శబ్దం మారేది. ఊరి మెకానిక్ చెవి పెట్టి విని చెప్పేవాడు. ఇప్పటి బండిలో ఇంజన్‌కు ఒక కంప్యూటర్, హైడ్రాలిక్‌కు ఇంకోటి, డ్యాష్‌బోర్డుకు మరోటి. పెద్ద గొలుసు బండ్లలో ఇవి ముందే వచ్చినయి. 2021 ఏప్రిల్ నుంచి టైర్ల బండ్లకు బీఎస్ ఫోర్ రూలు రావడంతో మన జేసీబీ తరగతి బండ్లకు కూడా ఎలక్ట్రానిక్ ఇంజన్లు మామూలయినయి. ఇప్పుడు అవే సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నయి.

ఈ కంప్యూటర్లు మాట్లాడుకునే దారి పేరు క్యాన్ బస్. జర్మనీ బాష్ కంపెనీలో 1983లో పని మొదలై, 1986 ఫిబ్రవరిలో అమెరికాలోని డెట్రాయిట్‌లో లోకానికి చూపించారు. అప్పటిదాకా ఒక్కో స్విచ్చికి ఒక్కో వైరు. కార్లలో వైర్ల కట్ట మోయలేనంత అయింది. క్యాన్ వచ్చాక రెండే వైర్ల మీద అందరూ మాట్లాడుకుంటరు. 1990ల్లో లారీలు, ట్రాక్టర్లు, తవ్వే బండ్ల కోసం దాని మీదనే జె1939 అనే ఒప్పందం తెచ్చారు.

కాలువ లెక్క అనుకోండి. ఒకే కాలువ, ఎన్నో తూములు. చివర అడ్డుకట్ట సరిగా లేకపోతే నీళ్ళు ఎదురు తన్నినట్టే, వైరు చివర సంకేతం వెనక్కి తంతుంది. అందుకే రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్ పెడతారు. రెండూ కలిపి కొలిస్తే 60. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి.

భువనగిరి, జనగామ వైపు మనకు ఉప్పల్ రింగ్ రోడ్డే సిటీ గుమ్మం. అక్కడి నుంచి నాచారం, మల్లాపూర్, చర్లపల్లి దాకా అన్నీ పారిశ్రామిక వాడలే. మల్లాపూర్ మీదుగా పోతే ఈసీఐఎల్ వస్తుంది. 1967లో పెట్టిన ఆ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. దేశంలో కంప్యూటర్ అంటే ఏందో చాలామందికి తెలియని రోజులవి. ఇంత ఎలక్ట్రానిక్స్ చరిత్ర ఉన్న దిక్కున కూడా తవ్వే బండి ఆగితే మొదటి మాట "కంట్రోలర్ పోయింది, మార్చాలె" అనే వస్తది. నాకు ఇదే కోపం.

మా వైపు ఒకాయనకు ఇట్లనే చెప్పారు. ఎద్దుల జత ఖరీదు పెట్టి డబ్బా మార్చుకున్నడు. మూడో రోజు మళ్ళీ ఆగింది. చివరికి చూస్తే క్యాబిన్ కింద వైరు ఇనుముకు రాసుకొని ఒరుసుకుపోయింది.

స్క్రీన్ మీద కోడ్ వచ్చినప్పుడు దాని వెనక ఎఫ్ఎంఐ అని ఒక నంబర్ ఉంటది. అది 9 అయితే, రావాల్సిన సమాచారం వేళకు రావడం లేదని అర్థం. అంటే ఫిర్యాదు చేసేది ఒక కంప్యూటర్, నోరు మూసుకున్నది ఇంకోటి. ఫిర్యాదు చేసినదాన్ని పీకి కొత్తది పెడితే ఏం లాభం? ఒకేసారి ఐదారు కోడ్లు పడితే అన్ని డబ్బాలూ ఒక్క రోజే చచ్చిపోవు కదా. ముందు బ్యాటరీ, ఎర్త్, ఆ రెండు వైర్లు చూడాలె.

మామూలు మల్టీమీటర్ చాలు. బ్యాటరీ కనెక్షన్ తీసి, చాలా బండ్లలో ఉండే తొమ్మిది పిన్నుల గుండ్రటి కనెక్టర్‌లో సి, డి పిన్నుల మధ్య ఓములు కొలవండి. 60 దగ్గర ఉంటే వైరు దారి మంచిగున్నట్టే. 120 చూపిస్తే ఒక చివర రెసిస్టర్ పోయింది, లేదా మధ్యలో తెగింది. సున్నా దగ్గర ఉంటే రెండు వైర్లు అంటుకున్నాయి. 40 వస్తే ఎవరో తెలియక మూడో రెసిస్టర్ తగిలించారు. తర్వాత బ్యాటరీ పెట్టి, తాళం తిప్పి ఒక్కో పిన్నుకు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ చూడండి. రెండూ 2.5 వోల్టుల చుట్టూ ఉండాలె, సి కొంచెం పైన, డి కొంచెం కింద. ఒకటి సున్నాకో, బ్యాటరీ వోల్టేజీకో పోయిందంటే ఎక్కడో ఇనుముకో, కరెంటు వైరుకో తగులుతున్నట్టే. అప్పుడు ఒక్కో కంట్రోలర్ ప్లగ్ తీస్తూ మీటర్ చూడాలె. ఏది తీయగానే రీడింగ్ సరి అయితే దొంగ ఆ కొమ్మలోనే ఉన్నడు.

ఇంకో మాట. ఆ రెండు వైర్లను కావాలనే ఒకదానికొకటి మెలేసి ఉంచుతారు. బయటి కరెంటు గోల రెండింటికీ ఒకే తీరుగ తగులుతది, వాటి మధ్య తేడా మారదు. మెలిక విప్పి, మామూలు వైరు అతికి, టేపు చుట్టిన రిపేరు కనపడిందంటే ఆ బండి మీద అప్పటికే ఎవరో చేయి చేసుకున్నరని తెలుసుకోండి. ఎలుకలు కొరికిన చోట్లు, బూమ్ మలుపు దగ్గర, బ్యాటరీ పక్కన చేత్తో తడిమి చూడండి. బకెట్‌కు వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తీశారా అని డ్రైవర్‌ను పక్కకు పిలిచి అడగండి. ఓనర్ కంటే ఆయనే నిజం చెప్తడు.

ఇవన్నీ బయానా ఇవ్వకముందే చేయాలె. బండి వేడెక్కేదాకా గంటసేపు నడిపించి, ఆపి, మళ్ళీ ఒకసారి కొలవండి. చల్లగున్నప్పుడు 60 చూపించిన మీటర్ వేడి మీద అటూ ఇటూ ఊగితే ఆ రోజుకు ఉప్పల్‌లో బస్సెక్కి ఇంటికి రండి.